చేదెక్కిన నిమ్మముక్కలు

"మా కొట్టులో ఎవరో విషం కలిపారండీ!" కుర్చీలో కూర్చోకుండానే అంది కూల్ డ్రింక్ షాపు యజమానురాలు.

డిటెక్టివ్ ఆమెకు మంచినీళ్ల గ్లాసు అందించాడు. "నెమ్మదిగా చెప్పండమ్మా."

"నిన్న సాయంత్రం నిమ్మరసం తాగినవాళ్లంతా చేదని ఉమ్మేశారు. ఒకాయన విషం అని అరిచాడు. ఫ్రీజర్‌లో దాచిన నిమ్మముక్కలే వేశాను. ముద్దగా ఉంటే సంచిని బండకేసి కొట్టి మరీ విడదీశాను. ఆ ముక్కలు కోసి పెట్టేది మా తోడికోడలు. ఈమధ్య మాకు మాటామాటా వచ్చింది. ఫ్రీజరున్న గదిలో మధ్యాహ్నం మా మామగారు పడుకుంటారు. ఆయన కళ్లుగప్పి బయటివాళ్లు రాలేరు. ఇక ఎవరున్నారు చెప్పండి! పోలీసుల్ని పిలవమంటున్నారు మామగారు. పిలిస్తే మా ఇల్లు రెండు ముక్కలవుతుంది."

డిటెక్టివ్ సహాయకుణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాడు. కొట్టు వెనక గదిలో మంచం, టేబుల్ ఫ్యాను, ఫ్రీజరు, గోడకు ఒకే ఒక్క ప్లగ్గు. సహాయకుడు తలుపు గడియ, కిటికీ చువ్వలు పట్టి పట్టి చూశాడు. ఏమీ దొరకలేదు.

"ముక్కలు ఎలా గడ్డకట్టిస్తావమ్మా?" డిటెక్టివ్ చిన్న కోడల్ని అడిగాడు.

"పళ్లెంలో విడివిడిగా పరుస్తానండీ. గట్టిపడ్డాకే సంచిలో వేస్తాను. గ్లాసులోకి తీస్తే వేటికవే ఊడి రావాలి కదా!" ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

డిటెక్టివ్ నవ్వి అందర్నీ గదిలోకి పిలిచాడు.

"విడివిడిగా గట్టిపడ్డ ముక్కలు సంచిలో ముద్దయ్యాయంటే, మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టినట్టే. కరిగినంతసేపూ తొక్కలు, గింజలు రసంలోనే నానాయి. చేదు అక్కడిది. విషం లేదు, పాడూ లేదు."

"ఫ్రీజరు ఆపిందెవరు?" అన్నాడు సహాయకుడు, గురువుగారి వైపు గర్వంగా చూస్తూ.

"ప్లగ్గు ఒకటే. ఫ్యాను తిరగాలంటే ఫ్రీజరు ఆగాల్సిందే."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మామగారు ఫ్యానుకు అడ్డంగా జరిగారు.

"మొన్న మధ్యాహ్నం ఉక్కపోత తల్లీ... కాసేపే అనుకున్నాను. కునుకు పట్టేసింది. లేచి మళ్లీ పెట్టేశానుగా! ఇంత రాద్ధాంతం అవుతుందని నాకేం తెలుసు?"

పెద్ద కోడలు పక్కున నవ్వింది. గుండెల మీంచి బండ దించినంత హాయిగా ఉంది ఆమెకు. అంతలోనే కళ్లు చెమర్చాయి. "నిన్ను అనుమానించాను చెల్లీ."

"నా బాధ అందుక్కాదక్కా. నిన్నటి నుంచి నా చేత్తో ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టలేదు నువ్వు."

పెద్ద కోడలు చెల్లి చెయ్యి పట్టుకుంది. "వెళ్లు, తాజా కాయ పిండుకు రా."

చిన్న కోడలు నిమ్మరసం కలిపి తెచ్చింది. అక్క ఆ గ్లాసు అందుకుని, అందరూ చూస్తుండగా, చివరి చుక్కదాకా తాగింది.