లెక్కకు రాని ఏడాది

బుధవారం పొద్దున పదింటికి లెక్కల టీచరు డిటెక్టివుగారి ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్ళిస్తే గ్లాసు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయింది.

"రెండేళ్ళ కష్టమండీ! ఎల్లుండి సాయంత్రం ఐదులోపు యూనివర్సిటీలో ఇచ్చెయ్యాలి. సంతకాల కాగితాలు ఎవరో ఎత్తుకుపోయారు."

డిటెక్టివుగారిని ఊరంతా భూతద్దంగారంటుంది. ఆయన జన్మలో భూతద్దం పట్టుకున్న పాపాన పోలేదు. ఆ పేరు తగిలించింది గుమాస్తాయే. ఆరేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాడు, ఆయనంటే ప్రాణం పెడతాడు. కాకపోతే ఈ ఆరేళ్ళలో ఆయన నోటినుంచి ఒక్క మెచ్చుకోలు మాట రాలలేదు. అదొక్కటే గుమాస్తా బెంగ.

టీచరు నెమ్మదిగా విషయం చెప్పింది. నలభై రెండేళ్ళ వయసులో, ఇటు బడీ అటు ఇల్లూ చూసుకుంటూ, విద్యా నాయకత్వంలో ఎం.ఏ. చదువుతోంది. చివరగా పరిశోధన వ్యాసం రాయాలి. బడిని నడిపేవాళ్ళు తోటివాళ్ళ మాట ఎంతవరకు చెవిన వేసుకుంటారన్నది విషయం. తమ బడిలోనే పద్దెనిమిది మందిని విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడించింది. మాట్లాడే ముందు ఒక్కొక్కరి చేతా అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకుంది. వ్యాసంలో ఎవరి పేరూ ఉండదు, అందరికీ నంబర్లే. ఏ నంబరు ఎవరిదో ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

"మళ్ళీ పెట్టించుకుంటే పోలా?" అన్నాడు గుమాస్తా.

"ముందు సంతకం, ఆ తర్వాతే మాట. అదండీ రూలు. ఇప్పుడు పెట్టించి పాత తేదీ వేస్తే దొంగ సంతకం కాదూ? ఆ పత్రాలు లేకపోతే వ్యాసం చెల్లదు. ఈ నెలలో డిగ్రీ రాకపోతే కొత్త బ్రాంచికి హెడ్‌మిస్ట్రెస్‌గా నా పేరు కొట్టేస్తారు."

"ఎంత పద్ధతైన మనిషమ్మా!" అన్నాడు భూతద్దం.

గుమాస్తాకు ఒళ్ళు మండింది. ఆవిడ వచ్చి పావుగంటైనా కాలేదు, అప్పుడే మెచ్చుకోవడమా!

"మీరంటే కడుపుమంట ఎవరికుంది?" అని అడిగాడు భూతద్దం.

"సైన్సు మాస్టారు కూడా ఆ పోస్టే అడిగారు. ఇంట్లో మా ఆయనకు ఈ చదువంటే పడదు. మా బడి పెద్ద మేడం మాత్రం దేవతండీ. కోర్సు ఫారం తెచ్చి నా చేతిలో పెట్టిందే ఆవిడ."

కాగితాలు పోయింది ఆవిడ రోజూ బడికి తీసుకెళ్ళే సంచీలోంచి. అందులో వ్యాసం చిత్తుప్రతి మాత్రం అలాగే ఉంది. భూతద్దం ఒక్కో పేజీ తిప్పాడు. ప్రొఫెసరు దిద్దినవన్నీ ఆకుపచ్చ సిరా. మాట్లాడినవాళ్ళ వివరాల పట్టిక దగ్గర ఆయన వేలు ఆగింది. పదకొండో నంబరు ఎదురుగా సర్వీసు ఇరవై రెండేళ్ళని ఉంది. దాన్ని పెన్సిలుతో కొట్టేసి ఎవరో ఇరవై మూడని వేశారు. పక్కనే బుల్లి టిక్కు.

"ఇదెప్పటిది?"

"ఆదివారం పేజీ పేజీ చూసుకున్నానండీ, అప్పుడు లేదు. పత్రాలు కూడా అప్పుడే సర్ది సంచీలో పెట్టాను. నిన్న సాయంత్రం చూస్తే లేవు." టీచరు ఇంకోసారి ఆ అంకె వంక చూసి గ్లాసు కింద పెట్టేసింది.

"ఈ పదకొండు ఎవరు?"

"చెప్పను."

"చెప్పకపోతే మీ రెండేళ్ళూ గంగలో కలుస్తాయమ్మా."

"పేరు బయటపెట్టనని మాటిచ్చాను. కాగితం పోయిందని మాట తప్పమంటారా?" ఆవిడ కళ్ళు తుడుచుకుంది గానీ పేరు చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం భూతద్దం, గుమాస్తా మొదట ఆవిడ భర్తను కలిశారు. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"కుళ్ళు ఉందండీ, ఎందుకు దాచాలి? నాతో చెప్పాల్సిన కబుర్లన్నీ ఆ వ్యాసంతోనే చెప్పుకుంటుంది. పెళ్ళాంతో మాట్లాడాలంటే నేను కూడా అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలేమో! కానీ పొద్దున్నే లేపి టీ ఇచ్చేది ఎవరనుకున్నారు? నేనే."

"పదకొండో నంబరు ఎవరో తెలుసా?"

"భలేవారే! ఆవిడ నిద్రలో కూడా చెప్పదు."

సైన్సు మాస్టారు చేతులు కట్టుకుని మాట్లాడాడు. "ఆ పోస్టు ఆవిడకొస్తే నేను ఏడుస్తాను, సరేనా? ఏడవడం వేరు, ఎత్తుకుపోవడం వేరు. నా సర్వీసు తొమ్మిదేళ్ళు. ఇంకేమైనా కావాలా?"

పెద్ద మేడం గది అద్దంలా ఉంది. బల్లమీద పెన్సిళ్ళన్నీ ఒకే వైపు మొన పెట్టి ఉన్నాయి.

"పాపం, ఎంత కష్టపడిందో పిచ్చిపిల్ల!" అంటూ సర్వీసు రిజిస్టరు తీసిచ్చింది.

"మీరూ ఈ చదువు చదివారా మేడం?"

"నాకంత తీరిక ఎక్కడ ఏడ్చిందండీ!"

రిజిస్టరంతా గాలించినా ఇరవై మూడేళ్ళ సర్వీసు ఒక్కరికీ లేదు. భూతద్దం నుదురు రుద్దుకున్నాడు. గుమాస్తా గొణిగాడు, "సెలవుల పేజీలు కూడా చూడండి సార్. నా కాలు విరిగిన మూడు నెలలూ మీరు కొట్టేసి ఆరేళ్ళంటారు. నేను మాత్రం ఎవరడిగినా ఆరేళ్ళ మూడు నెలలనే చెప్తాను."

భూతద్దం అతని వంక తేరిపార చూసి, చప్పున వెనక పేజీలు తిప్పాడు.

గురువారం చివరి గంట కొట్టాక నలుగురినీ పెద్ద మేడం గదిలోనే కూర్చోబెట్టాడు.

"దొంగ సంచీలో చెయ్యి పెట్టినప్పుడు చిత్తుప్రతి కూడా తెరిచి చూశారు. తన వరస కనిపించింది. అంకె తప్పనిపించింది. టీచరు చెయ్యి కదా, తప్పు కనపడితే ఊరుకోదు. దిద్ది టిక్కు కూడా పెట్టింది. పేర్లు లేని పట్టికలో తన వరసను గుర్తుపట్టేది ఆ మనిషొక్కరే. ఏ నంబరు ఎవరిదో భర్తగారికి తెలియదు. సైన్సు మాస్టారి సర్వీసు తొమ్మిదేళ్ళే."

"మరి ఇరవై మూడేళ్ళు ఎవరికి?" అన్నాడు సైన్సు మాస్టారు.

"రికార్డులో ఎవరికీ లేవు. టీచరుగారు రిజిస్టరు చూసి వేసిన ఇరవై రెండు మాత్రం ఒక్కరికే ఉన్నాయి. ఆ ఒక్కరే పదిహేనేళ్ళ కిందట జీతం లేని సెలవు ఒక ఏడాది పెట్టారు. ఎందుకంటే, పై చదువు పరిశోధన కోసం. యాజమాన్యం ఆ ఏడాదిని లెక్కలోంచి తీసేసింది. ఆ మనిషి తీసెయ్యలేకపోయింది. తీరికే లేదని నాతో ఎందుకన్నారు మేడం?" భూతద్దం గుమాస్తా వైపు తిరిగాడు. "ఇది పట్టుకుంది నేను కాదు. మా గుమాస్తా."

ఆరేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. కానీ పెద్ద మేడం ముఖం చూశాక గుమాస్తాకు ఆ మాట రుచించలేదు.

ఆవిడ లేచి బీరువా తెరిచి ఒక పాత ఫైలు తీసింది. పైన పసుపుబారిన కాగితాలు, మూడు అధ్యాయాలు. వాటి కింద పద్దెనిమిది పత్రాలూ నలగకుండా ఉన్నాయి.

"చింపుదామనే తీశాను. చెయ్యి రాలేదు," అంది. "నేను మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. మా అత్తగారు మంచాన పడింది, ఆ తర్వాత ఎవరూ నన్ను రాయమనలేదు. ఈ పిల్లకి ఫారం నేనే తెచ్చిచ్చాను. ఈ పిల్ల వచ్చి నాలుగో అధ్యాయం రాస్తున్నానని సంబరంగా చెప్పిన రోజునుంచీ నాకు అన్నం సయించలేదు. కుళ్ళిపోయాను. అంతే, ఇంకేం లేదు."

లెక్కల టీచరు పత్రాల్లోంచి పదకొండోది బయటికి తీసింది.

"ఎప్పుడు కావాలన్నా ఎవరి మాటలు వాళ్ళు వెనక్కి తీసుకోవచ్చని ఇందులో రాశాను మేడం. మీదొక్కటే అడిగితే నోరెత్తకుండా ఇచ్చేదాన్ని. మిగతా పదిహేడు మందీ మీకేం చేశారు?"

టీచరు ఆ పత్రాన్ని ఆవిడ ముందు పెట్టింది. పెద్ద మేడం దాన్ని వేలితో తిరిగి ఇవతలికి జరిపింది.

"ఉంచమ్మా. నేను చెప్పినవి నిజాలే."

టీచరు చిత్తుప్రతి తెరిచి, పట్టిక దగ్గర పెన్ను పట్టుకుంది. పెన్సిలు గీతలో ఉన్న ఇరవై మూడును సిరాతో దిద్ది, కింద చిన్న అక్షరాలతో 'చదువుకున్న ఏడాదితో కలిపి' అని రాసింది. అది చదివాకే పెద్ద మేడం ఏడ్చింది.