చాపెల్ లేన్ ఎక్కని డబ్బా

నెల్ హోల్‌రాయిడ్ ఆ డబ్బాను కౌంటర్ మీద దబ్బున కొట్టింది. పక్కన వేలాడుతున్న వైపర్లు గలగలలాడాయి.

"చదువు," అంది.

కారు సామాన్ల కొట్టు జాస్ క్రాబ్‌ట్రీ టీ కప్పు పక్కన పెట్టి, డబ్బా తిప్పి చూశాడు. "టైర్ గ్రిప్ స్ప్రే. మంచు మీదా ఐస్ మీదా గట్టి పట్టు. మంచి సరుకండీ. పోయిన శుక్రవారం మీరే కదా తీసుకెళ్ళారు?"

"నేనే. ఇచ్చేటప్పుడు ఏమన్నావు?"

"ఏమన్నానండీ?"

"'మేకలా ఎక్కేస్తుందండీ' అన్నావు. ఎక్కింది. చాపెల్ గోడ ఎక్కింది! బయటే ఉంది, వెళ్ళి చూసుకో."

జాస్ అద్దంలోంచి తొంగి చూశాడు. నెల్ చిన్న నీలం కారు ఒక లైటు పోగొట్టుకుని ఒంటికన్నుతో నిలబడి ఉంది. అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు కానీ, నెల్ చూడనే చూసింది. ఇంత కోపంలోనూ వాడి నవ్వు బాగుందని తనకు తోచినందుకు ఆమెకు ఇంకాస్త మండింది.

"స్ప్రే ఎలా కొట్టారు?" అనడిగాడు.

"నొక్కితే వస్తుంది కదా, అలా."

"అలా కాదండీ. ముందు టైరు శుభ్రంగా తుడవాలి. తడి ఉండకూడదు. కొట్టాక ఆరనివ్వాలి. అప్పుడు నెమ్మదిగా..."

"తెల్లారకముందు, మంచులో కూరుకుపోయిన టైరును తుడిచి ఆరబెట్టాలా? హెయిర్ డ్రయర్ కూడా అమ్ముతావా ఏంటి?"

"లేబుల్ మీద రాసే ఉందండీ."

"చీమ తలకాయంత అక్షరాల్లో! మేక సంగతి మాత్రం నోరారా చెప్పావు!"

క్రాగ్‌డెన్‌లో ఇది కొత్తేం కాదు. ఏడాదికి నాలుగు రోజులు పడే మంచుకి వేరే టైర్లెందుకని తాతలన్న మాటే మనవలూ అంటారు. రేపు మంచని రేడియోలో చెప్పగానే పరుగెత్తుకెళ్ళి రొట్టె, పాలు, ఒక స్ప్రే డబ్బా కొనుక్కుంటారు. మర్నాడు గోడల్ని గుద్దుతారు. మంచు కరగ్గానే అంతా మరిచిపోయి, మళ్ళీ అదే మాట. ఆ ఊరి జనానికి బుద్ధి చెప్పడం యార్క్‌షైర్‌లో ఏ పాస్టరు తరమూ కాలేదు.

నెల్ మాత్రం మరిచిపోయే స్థితిలో లేదు. ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసే నర్సు ఆమె. చాపెల్ లేన్ చివర, కొండ మీద, ఆమోస్ తాత ఒక్కడే ఉంటాడు. కళ్ళు కనిపించవు. పొద్దున్నే టిఫిన్‌కు ముందు ఆమె వెళ్ళి ఇన్సులిన్ ఇవ్వాలి. మంగళవారం కారు గోడను గుద్దాక, ఆమె పడుతూ లేస్తూ నడిచి వెళ్ళేసరికి ఆయన చల్లారిపోయిన పొయ్యి ముందు వణుకుతూ కూర్చుని ఉన్నాడు. "ఇక రావేమో అనుకున్నాను తల్లీ," అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

అప్పటినుంచి కొండకు నడిచే వెళ్తోంది. దాంతో మిగతా రోగులకు ఆలస్యమవుతోంది. సూపర్‌వైజర్ తేల్చి చెప్పేసింది: "వచ్చే గురువారం మళ్ళీ మంచట. ఆ రోజు కూడా ఆలస్యమైతే కొండ డ్యూటీ ఇంకొకరికి ఇచ్చేస్తాను." ఇంకొకరిని ఆమోస్ తాత గుమ్మం తొక్కనివ్వడు. ఆ సంగతి నెల్‌కు తెలుసు, సూపర్‌వైజర్‌కు అక్కర్లేదు.

"డబ్బులు తిరిగిచ్చేస్తానండీ," అన్నాడు జాస్.

"నీ డబ్బులెవరికి కావాలి? ఇది పనిచేయదని ఒప్పుకో."

ఇప్పుడు జాస్ మొహం కూడా ఎర్రబడింది. "ఎందుకు చేయదు? రెండేళ్ళుగా నా వ్యాన్‌కి ఇదే కొడుతున్నాను. చాపెల్ లేన్‌లో ఒక్కసారి కూడా జారలేదు. అమ్మా! మన వ్యాన్ ఎప్పుడైనా జారిందా?"

లోపలినుంచి వాళ్ళమ్మ గ్లెనిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎక్కడ జారింది? మా వాడు వాగుడుకాయే కానీ అబద్ధాలాడడమ్మాయ్."

"అయితే ఆదివారం చాపెల్ లేన్‌కి రమ్మనండి," అంది నెల్. "అందరి ముందూ ఎక్కించమనండి. ఎక్కితే అందరి ముందే క్షమాపణ చెప్తాను."

"ఎక్కకపోతే?" అన్నాడు జాస్.

"మేక అన్న నోటితోనే పనిచేయదని చెప్పు."

ఆదివారం ప్రార్థన అవ్వగానే ఊరు ఊరంతా చాపెల్ లేన్‌లోనే ఉంది. ఆ సందులోకి ఎండ రాదు. అక్కడ వారం క్రితం మంచు ఇంకా కరగలేదు. ఫ్లాస్కుల్లో టీ తెచ్చుకున్నారు, గోడలెక్కి కూర్చున్నారు. ఇంత జనం మొన్న తన కారు తొయ్యడానికి ఒక్కరూ రాలేదేమని నెల్ పళ్ళు నూరింది.

ముందు ఆమె కారును స్ప్రే లేకుండా ఎక్కించారు. చాపెల్ గేటు దాకా వెళ్ళి చక్రాలు గిర్రున తిరిగాయి. సరే, కిందికి దింపారు. జాస్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో టైరునీ తుడిచాడు, స్ప్రే కొట్టాడు, ఆరేదాకా కూర్చున్నాడు.

"పసిపిల్లకి స్నానం చేయిస్తున్నట్టుంది," అని ఎవరో అన్నారు. గోడ మీద జనం గొల్లుమన్నారు.

కారు కదిలింది. చాపెల్ గేటు దాటింది. చప్పట్లు! జాస్ అద్దం దించి చెయ్యి ఊపాడు.

"ఊపింది చాల్లే, రోడ్డు చూడు!" అని అరిచింది నెల్.

మలుపు రాకముందే చక్రాలు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి. కొట్టిన స్ప్రే అంతా ఆ కాస్త దూరానికే అరిగిపోయినట్టుంది. కారు ఒక క్షణం ఆగి, వెనక్కి జారి జారి మంచు గుట్టలో కూలబడింది. నలుగురు కలిసి బయటికి లాగారు. ఈసారి నీళ్ళు గడ్డకట్టిన అంచు మీద ముందు స్ప్రే లేకుండా, తర్వాత మళ్ళీ తుడిచి, మళ్ళీ కొట్టి బ్రేకు వేసి చూశాడు. కొట్టకముందు ఎంత దూరం జారిందో కొట్టాకా అంతే జారింది.

"మరి నా వ్యాన్ ఎలా ఎక్కుతోంది?" అన్నాడు జాస్ కారు దిగుతూ. బుకాయింపు కాదది. నిజంగానే అర్థం కాలేదు మనిషికి.

"స్ప్రే లేకుండా ఎప్పుడైనా ఎక్కించావా?" అంది నెల్.

"లేదు. స్ప్రే ఉండగా ఎందుకు..."

"అయితే ఇప్పుడు ఎక్కించు!"

వ్యాన్ వచ్చింది. టైర్లు తుడిచారు, స్ప్రే కొట్టలేదు. అది చాపెల్ గేటు దాటింది, మలుపు దాటింది, తాపీగా పైదాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

నెల్ మంచులో మోకాళ్ళు ఆనించి టైరు పక్కభాగం చేత్తో తుడిచింది. రబ్బరు మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు అచ్చు వేసి ఉంది.

"ఈ వ్యాన్ ఎవరి దగ్గర కొన్నావు?"

"గొర్రెల పెంపకం మానేసిన పెద్దాయన దగ్గర."

"ఇది మంచు టైర్ల గుర్తు. ఆయన వింటర్ టైర్లు వేయించుకున్నాడు, మహానుభావా! రెండేళ్ళుగా టైర్లు ఎక్కుతుంటే నువ్వు డబ్బాకి దణ్ణం పెడుతున్నావు. కారు సామాన్ల కొట్టు పెట్టుకుని సొంత టైర్లు చూసుకోలేదా?"

అందరూ నవ్వారు. జాస్ చెవులు కందిపోయాయి. ఇక కొట్టుకి పారిపోతాడనుకుంది నెల్. పారిపోలేదు. గోడ ఎక్కి నిలబడ్డాడు.

"వినండి. మంచులో ఇరుక్కున్న కారుని ఇంటి గేటు దాటించి రోడ్డెక్కించడానికి ఇది కాస్త పనికొస్తుంది. అది కూడా తుడిచి ఆరబెడితేనే. కొండ ఎక్కించదు. ఐస్ మీద పట్టు సున్నా. నాకు తెలియక అమ్మాను. తెలుసుకోవలసింది, తెలుసుకోలేదు. తప్పు నాది." తర్వాత నెల్ వైపు తిరిగాడు. "మీకు ఏదైనా అయ్యుంటే నన్ను నేను క్షమించుకోలేకపోయేవాణ్ణండీ."

నెల్‌కు ఏం చేయాలో తెలియలేదు. వాడు ఎదురుతిరిగి ఉంటే నాలుగు దులిపేసి హాయిగా ఇంటికి పోయేది. ఇలా తల వంచుకుంటే మిగిలిన కోపం ఎవరి మీద పోసుకోవాలి? వాడి మీదే ఒళ్ళు మండింది.

తనకూ వింటర్ టైర్లు కావాలని సోమవారమే టైర్ల కంపెనీకి ఫోన్ చేసింది. వచ్చే వారానికి గానీ రావన్నారు. గురువారం తెల్లవారుతుండగా తలుపు తీస్తే చీలమండ లోతు మంచు. గేటు ముందు జాస్ వ్యాన్.

"తాళాలండీ," అన్నాడు జాస్. "మీరే నడపండి. నేను నడిపితే మీకు నమ్మకం ఉండదు."

"నీ మీదేంటి, నీ వ్యాన్ మీద కూడా లేదు," అంటూనే నెల్ సంచీతో ఎక్కి కూర్చుంది. అతను పక్క సీట్లో ఒదిగి కూర్చున్నాడు.

చాపెల్ గేటు వచ్చింది. ఆమె చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. వ్యాన్ కాస్త తడబడింది.

"యాక్సిలరేటర్ అంత గట్టిగా తొక్కకండి," అన్నాడు జాస్ మెల్లగా.

"నాకు చెప్పకు!" అంది కానీ, కాలు తేలిక చేసింది. వ్యాన్ పట్టు దొరకబుచ్చుకుని మలుపు దాటింది. నెల్ గట్టిగా ఊపిరి వదిలింది.

ఆమోస్ తాత గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆమె లోపలికి వెళ్ళి ఇంజెక్షన్ ఇచ్చి, పొయ్యి రాజేసి, టిఫిన్ చేతికిచ్చింది. ఇంతలో సూపర్‌వైజర్ ఫోన్. "చేరావా?"

"చేరాను. తాత ఇప్పుడే టిఫిన్ మొదలుపెట్టాడు."

"సరే, కొండ డ్యూటీ నీదే," అని సూపర్‌వైజర్ ఫోన్ పెట్టేసింది.

"బయట ఎవరమ్మా, బూట్లు దులుపుకుంటున్నారు?" అనడిగాడు తాత.

"స్ప్రే డబ్బాలవాడు."

"ఓహో, వాడా! వారం నుంచి నాకు ఇన్సులిన్ కంటే వాడి కబుర్లే ఎక్కువ ఎక్కించావు. తిట్టడానికైనా అంత తలుచుకోకపోతేనేం, లోపలికి పిలవరాదూ?"

తలుపు తెరిచే ఉంది. జాస్ విన్నాడు. నెల్ మొహం పొయ్యికంటే వేడెక్కింది. సంచీ లాక్కుని విసురుగా బయటికొచ్చింది.

"వ్యాన్ మీరు ఉంచుకోండి," అన్నాడు జాస్ ఆమె వైపు చూడకుండా. "అవతలి గట్టు మీద కూడా మీకు రోగులున్నారు కదా. మీ టైర్లు వచ్చేదాకా వాడుకోండి. నేను నడిచి దిగిపోతాను. కొట్టు తెరవాలి."

వాడి కాళ్ళకు కొట్లో వేసుకునే పల్చటి బూట్లు. అప్పటికే తడిసి ముద్దయ్యాయి. నాలుగడుగులు వేశాడో లేదో కాలు జారి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

నెల్ కోపం నషాళానికంటింది. "ఆగు! కాళ్ళు విరగ్గొట్టుకుంటే వాటిని కూడా నేనే చూడాలా? నీ మనసులో ఏదైనా ఉంటే నోటితో చెప్పు. మంచులో నడిచి చూపించకు!"

పనికిరాని సరుకును మేకతో పోల్చి అమ్మిన ఆ నోరు పెగలడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వంటే ఇష్టం," అన్నాడు. వాడు ఆమెను మొదటిసారి నువ్వు అన్నాడు. "ఇష్టం కాదు, ప్రేమే. కొట్లోకొచ్చి నా మీద అరిచిన రోజునుంచీ."

"మరి అది చెప్పడానికేం రోగం? వచ్చి ఎక్కు!"

జాస్ వెనక్కి వచ్చి ఎక్కాడు. నెల్ తలుపు దబ్బున వేసింది, వాడి కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ముందు ముద్దు పెట్టుకుంది. తర్వాత అవతలి గట్టు దాకా దారి పొడుగునా తిడుతూనే ఉంది.