నల్ల ఇసుక ముహూర్తం

"లీలాకుమారి కనబడితే మాట్లాడొద్దు. కాల్చెయ్."

1987. శ్రీనగర్ కాలనీలో ఒక మేడమీద చీఫ్ పట్టాభిరామయ్య ఏజెంట్ వీరభద్రానికి మిషన్ అప్పగించాడు. సరిహద్దు అడవిలో ఒకప్పుడు తగరం గని ఉండేది. సొరంగం కూలి మనుషులు పోయాక మూసేశారు. ఏళ్లతరబడి పారబోసిన నల్ల ఇసుక గుట్టగా మిగిలింది. అందులో టాంటలం ఉంది. క్షిపణుల ఎలక్ట్రానిక్స్‌కి అదే ప్రాణం.

"రిక్టర్ అనే విదేశీ గూఢచారి నిర్మాత వేషంలో దిగాడు. గని సెట్ వేస్తానని ఆ ఇసుకంతా ఫిల్మ్‌నగర్‌కి తోలించాడు. రేపు ముహూర్తం షాట్ సందడిలో లారీలు మద్రాసు హార్బర్‌కి పోతాయి. హీరోయిన్ లీల. మన మనిషే. అమ్ముడుపోయింది."

వీరభద్రం పిస్టల్ అందుకున్నాడు. లీల తండ్రి ఆ గనిలో ఓవర్సీరు. శవం కూడా దొరకలేదు. రెండేళ్ల కిందట లీలతో తన పెళ్లి కుదిరితే, శుక్రమూఢం వెళ్లాక చూద్దామన్నారు పెద్దలు. మూఢం వెళ్లేసరికి ఆమే వెళ్లిపోయింది.

మర్నాడు పురోహితుడి వేషంలో సెట్‌కి వెళ్లాడు. కలశం మీది కొబ్బరికాయలో ట్రాన్స్‌మిటర్. కాయ పిలక మెలితిప్పితే పోలీసులకు సిగ్నల్.

గేటు దగ్గర వాచ్‌మన్ జంగయ్య నవ్వాడు. "మూఢంల ముహూర్తమేంది అయ్యగారూ? ఒక్క పంతులు రాలే. గా ఫారిన్ సారుకేమెరుక? మేడమే గీ తారీఖు పెట్టించింది."

వీరభద్రం లోపలికి నడిచాడు. పురోహితుడి పీట ఖాళీగా ఉంచింది తన కోసమేనా?

పూజ మొదలైంది. ఉత్తరీయం కింద పిస్టల్ మీద చెయ్యి వేసి అడిగాడు.

"గోత్రం చెప్పమ్మా."

"కౌండిన్యస," అంది లీల తలెత్తకుండా.

అది ఆమె పుట్టింటి గోత్రం కాదు. అతనిది.

అక్షతలు అందుకుంటూ గొంతు తగ్గించింది. "ఆ గని మట్టే మా నాన్నండీ. దాటనివ్వకండి. లారీలు స్టార్ట్ చేశారు."

అతను కొబ్బరికాయ పిలక మెలితిప్పాడు. రిక్టర్ అది చూసి తుపాకి తీశాడు. క్లాప్ కొట్టిన చప్పుడులో తుపాకి చప్పుడు కలిసిపోయింది. వీరభద్రానికి అడ్డం వచ్చిన లీల ఒరిగిపోయింది.

మొదటి లారీ గేటు దాటబోతుండగా జీపులు అడ్డం తిరిగాయి. రిక్టర్ చేతికి బేడీలు పడ్డాయి.

వీరభద్రం పళ్లెంలోని కుంకుమ తీసి, ప్రాణం పోతున్న లీల పాపిట్లో దిద్దాడు. శుక్రుడు కనబడనంత మాత్రాన ఈ పెళ్లి దేవుడికీ కనబడదా అని అతనికి మొదటిసారి అనిపించింది.

చీఫ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "మూఢంలో ముహూర్తమేమిటయ్యా? బుద్ధున్నవాళ్లెవరైనా పెట్టుకుంటారా?"

"మాకు దొరికింది ఇదొక్కటే సార్."