రిజిస్టర్‌లో పన్నెండోవాడు

"హంతకుడు బలూచీ. సరిగ్గా పదింటికి హాల్ పేలిపోతుంది."

పెన్‌లోని ట్రాన్స్‌మిటర్‌లో తహ్సీన్ గొంతు ఆగిపోయింది. ఇండియన్ డెలిగేషన్‌కు ఆమె ఇంటర్‌ప్రెటర్. కళ్ళు తిప్పుకోనివ్వని అందగత్తె. రహస్యంగా మన ఇన్ఫార్మర్.

1992, గల్ఫ్‌లోని బురైమి. ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ ఫక్రుద్దీన్ ఆ మాటను వెంటనే చెక్‌పోస్ట్‌కు చేరవేశాడు. హాల్లో ఒప్పందం మీద సంతకాలు పెట్టబోయేది నలభై మంది.

తొమ్మిదిన్నరకు అతను చెక్‌పోస్ట్‌కు వెళ్ళేసరికి తొమ్మిది మంది బలూచీలు ఎండలో నిలబడి ఉన్నారు. ఎవరి దగ్గరా ఏమీ దొరకలేదు.

"మిగతావాళ్ళు?"

"వదిలేశాం." సార్జెంట్ ఖమీస్ రిజిస్టర్ తోశాడు.

మనిషి ఏ జాతివాడో రాసే కాలమ్ ఉంది అందులో. లేబర్ పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరుంటాయి కాబట్టి, చూసి రాసేయడమే. ఒక పికప్‌లో పన్నెండు మంది. మొదటివాడికి ‘హిందీ’, అంటే ఇండియన్. కింద పదకొండు డిట్టోలు.

ఫక్రుద్దీన్‌కు ఒళ్ళు మండింది. "మొహాలు చూశారా?"

"అందరివీ ఒకే యూనిఫాంలు. ఇంకేం చూడాలి?"

"ఎక్కడికెళ్ళారు?"

"హాల్‌కే. పెయింటింగ్ డ్యూటీ."

తహ్సీన్ అబద్ధం చెప్పింది! అందరూ బలూచీల వెంట పడుతుంటే హంతకుడు డిట్టోల్లో దూరి దాటిపోయాడు. ఆ అబద్ధాన్ని మోసుకొచ్చింది తనే. ఫక్రుద్దీన్‌కు సిగ్గేసింది. ఖమీస్‌ను జీపెక్కించుకుని హాల్‌కు దౌడు తీశాడు.

తొమ్మిదీ యాభై ఆరు. వరండాలో పెయింటర్ల మేస్త్రీ పోచన్న, నిజామాబాద్ మనిషి, రంగు కలుపుతున్నాడు.

"మీ వాళ్ళెంత మంది?" ఉర్దూలో అడిగాడు ఫక్రుద్దీన్.

"మావోళ్ళు ఏడుగురు, మలబారీలు నలుగురు సాబ్," వచ్చీరాని ఉర్దూలో చెప్పాడు పోచన్న. మలబారీలంటే అక్కడ మలయాళీలు.

"పన్నెండోవాడు?"

"ఆ నిచ్చెన మీదోడా? వాడూ మలబారీయే గదా!"

పక్కనే ఉన్న మలబారీ తల అడ్డంగా ఊపాడు. "మావాడు కాదు. మీవాడనుకున్నాం!"

నిచ్చెన మీద మనిషి టిఫిన్ డబ్బా మూత తీశాడు. లోపల రిమోట్. ఎర్ర బటన్ వైపు వేలు కదిలింది. ఫక్రుద్దీన్ నిచ్చెనను ఒక్క తన్ను తన్నాడు. మనిషి కిందపడ్డాడు. రిమోట్‌ను ఫక్రుద్దీన్ గాల్లోనే పట్టుకున్నాడు.

పది గంటలకు హాల్లో చప్పట్లు మోగాయి. వెనక గేటు దగ్గర కారెక్కబోతున్న తహ్సీన్ చేతులకు ఖమీస్ బేడీలు వేశాడు.

ఫక్రుద్దీన్ వరండాలో కూర్చున్నాడు. పోచన్న నీళ్ళిచ్చాడు. పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పని నిజం ఆ క్షణాన ఆగలేక తెలుగులో బయటికొచ్చేసింది.

"నాది కడప అన్నా."

పోచన్న అతన్ని ఎగాదిగా చూసి నవ్వాడు.

"తెలుగు మంచిగనే నేర్సినవ్ సారూ. గని సూడంగనే ఎర్కైతది, నువ్వు మలబారీవి!"