ముందే వచ్చిన అమ్మ

పిచ్చుక వాళ్ళమ్మ ఒక ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. నాన్న లిఫ్టు మెకానిక్. ఒకటో తరగతి చదివే పిల్ల నోరు ఒక్క క్షణం ఊరుకోదు కాబట్టి ఇంట్లో ఆమె పేరు పిచ్చుక అయిపోయింది. బడి తెరిచే వేళకీ మూసే వేళకీ తల్లిదండ్రులిద్దరూ డ్యూటీలోనే ఉంటారు.

"మనిద్దరం జంట లిఫ్టులం. ఒకటి పైకెళ్తే ఒకటి కిందికి. పిల్లేమో మధ్య అంతస్తులో ఇరుక్కుపోయింది" అని తండ్రి నవ్వేవాడు. మొదట్లో తల్లి కూడా నవ్వేది.

పిల్లను చూసుకునే మనిషి కోసం వాళ్ళు తొక్కని గడప లేదు. ఒక డేకేర్ వాళ్ళు అంత పొద్దున్నే తెరవం అన్నారు. ఇంకోచోట పిల్లలందరినీ టీవీ ముందు కుదేసి ఉంచడం చూసి వీళ్ళే వెనక్కి తిరిగారు. ఎదురింటావిడ సరేనంది గానీ, నాలుగు రోజులకే తలుపు తీసేటప్పుడు మొహం ముడుచుకోవడం మొదలుపెట్టింది. చివరికి దొరికింది దర్జీ పెద్దమ్మ. రెండు వీధుల అవతల, కింది వాటా. కుట్టుమిషను ఒక మూలకి నెట్టి, ముందుగదిలో పిల్లలకు చాపలు పరిచింది. పొద్దున్న అందర్నీ బడికి నడిపించుకెళ్ళేది, సాయంత్రం తీసుకొచ్చేది. ఒక్క మాట మాత్రం ముందే చెప్పింది.

"చీకటి పడకముందే తీసుకెళ్ళిపోవాలమ్మా. మా ఆయన మంచం మీదున్నాడు. ఒళ్ళు తుడవాలి, మందులెయ్యాలి. అప్పుడు పిల్లల్ని చూడలేను."

ఆ మాట నిలబెట్టుకోవడం తల్లి వల్ల కాలేదు. సరిగ్గా బయల్దేరే వేళకే ఎవరిదో అత్యవసర పరీక్ష వచ్చేది. బస్సు దిగి పరుగు పరుగున వెళ్తే, వీధిదీపం కింద మెట్టు మీద, భుజాన సంచితో, బూట్లేసుకుని పిచ్చుక ఒక్కతే కూర్చుని ఉండేది. పెద్దమ్మ కసిరినా బాగుండేది. ఏమీ అనేది కాదు. తల్లి నేలచూపులు చూస్తూ ఏదో ఒక సాకు గొణిగేది. "సరేలే అమ్మా" అని తలుపు దగ్గరగా వేసేది పెద్దమ్మ. ఆ ఇంటి ముందు తలెత్తడానికి తల్లికి మొహం చెల్లేది కాదు.

ఒకరోజు మబ్బు పట్టి తొందరగా చీకటి పడింది. ల్యాబులో మిషను మొరాయించింది. ఆమె వెళ్ళేసరికి మెట్టు మీద పిల్ల లేదు. తలుపు తట్టింది. తడిగుడ్డ చేత్తో పెద్దమ్మ వచ్చింది. లోపల్నించి మందుల వాసన.

"ఏమైనా మర్చిపోయావా అమ్మా?"

"పిల్ల..."

"అదేంటి, ఇందాకే తీసుకెళ్ళావుగా!"

ఆమె ఇంటివైపు పరిగెత్తింది. ఇంటికెలా చేరిందో తెలియదు. తాళం వేసినట్టే ఉంది. తీసి చూస్తే లోపల లైటు వెలుగుతోంది. పిచ్చుక మొహం కడుక్కుని, బట్టలు మార్చుకుని, హోంవర్కు చేసుకుంటోంది. గదిలో ఏదో వాసన... ఏళ్ళ తరబడి మూసిన పెట్టె తెరిచినట్టు.

"నిన్నెవరు తీసుకొచ్చారే?"

"నువ్వే" అంది పిచ్చుక, తలెత్తకుండానే. "మళ్ళీ బయటికెందుకెళ్ళావు?"

మంచాల కింద వెతికింది. స్నానాలగదిలో వెతికింది. ఎవరూ లేరు.

భర్తకు చెప్పలేదు. చెప్పాలంటే ముందు రోజూ ఆలస్యమవుతున్న సంగతి చెప్పాలి. కొన్నాళ్ళు ఎలాగో వేళకు చేరింది. తర్వాత మళ్ళీ ఆలస్యమైంది. మళ్ళీ అదే. పిల్ల ఇంట్లో ఉంది. కడుపునిండా తిని, నవ్వుకుంటూ ఉంది. అప్పుడు తల్లికి భయంతోపాటు ఇంకొకటి కూడా కలిగింది. అదేమిటో తెలిసి తనలో తనే సిగ్గుతో చచ్చిపోయింది.

నిశ్చింత.

ఆ తర్వాత ఒకరోజు, తోటి ఉద్యోగిని కాసేపు తన పని చూడమని అడిగితే కాదనలేదు. బస్సు దిగాక పరిగెత్తలేదు. నడిచింది.

కొద్ది రోజులకు ల్యాబులో పని తొందరగా తెమిలింది. ఇంకా వెలుతురుండగానే ఆమె పెద్దమ్మ వీధి మలుపు తిరిగింది. ముందు ఎవరో పిచ్చుక చెయ్యి పట్టుకుని నడుస్తున్నారు. ఒక ఆడమనిషి. తను వేసుకున్న బట్టలే. తన చేతిసంచే. వెనక నుంచి తన నడకే.

"పిచ్చుకా!"

పిల్ల తిరగలేదు. కబుర్లు చెబుతూనే ఉంది. ఆమె పరిగెత్తింది. వాళ్ళు తీరుబడిగా నడుస్తున్నారు. అయినా దూరం తరగలేదు. వాళ్ళు మెట్లెక్కారు. ఆమె రొప్పుతూ పైకి చేరేసరికి ఇంటి తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు...

తలుపుకు చెవి ఆనించింది. లోపల ఎవరో కథ చెబుతున్నారు. అది తన గొంతే. కానీ తొందర లేని గొంతు. తన గొంతు అలా కూడా ఉండగలదని ఆమెకు తెలియదు.

తలుపు తట్టింది. కథ ఆగింది.

"ఎవరు?" పిల్ల గుసగుస.

"నేనేరా... అమ్మని. తలుపు తియ్యి."

ఆ పాత పెట్టె వాసన తలుపు కింద నుంచి వచ్చింది.

"అమ్మ ఇక్కడే ఉంది" అంది పిల్ల, ఏడుపు గొంతుతో.

తర్వాత, తలుపుకు అవతల, తన చెవికి సరిగ్గా ఎదురుగా... తన గొంతే, మెల్లగా...

"తియ్యకు తల్లీ. ఆవిడ వచ్చే వేళ ఇంకా కాలేదు."

ఆమె తలుపు నుంచి వెనక్కి జరిగింది. అలాగే గోడకు జారబడి కూర్చుండిపోయింది. పనిసంచితో భర్త మెట్లెక్కి వచ్చేదాకా అక్కడే ఉంది.

"బయట కూర్చున్నావేం?" అంటూ అతను తలుపు నెట్టాడు. తెరుచుకుంది. గడియ వేసే లేదు. లోపల పిల్ల ఒక్కతే. వచ్చి తండ్రి కాళ్ళను చుట్టేసుకుంది. తల్లి వైపు చూడలేదు.

పిల్లకు వినబడకుండా, వంటగదిలో నేల మీద కూర్చుని, ఆమె అంతా చెప్పింది. ఆలస్యాలు, సాకులు, ఆ నిశ్చింత. భర్త పిచ్చిదానివి అనలేదు. ఒక్కటే అడిగాడు.

"ఆవేళ... నడిచొచ్చావా?"

ఆమె ఔనన్నట్టు తల ఊపింది. అతను లేచి వెళ్ళి పిల్ల పక్కన కూర్చున్నాడు. ఆ ప్రశ్న మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది.

తర్వాత ఇద్దరూ డ్యూటీలు మార్పించుకున్నారు. పై అధికారి మొహం మాడ్చుకున్నా ఆమె వెనక్కి తగ్గలేదు. వెలుతురుండగానే వెళ్ళి పిల్లను తెచ్చుకుంటోంది. ఇంట్లో ఆ వాసన మళ్ళీ రాలేదు. మొదట్లో దగ్గరికి తీసుకుంటే కొయ్యబారిపోయే పిల్ల, మెల్లమెల్లగా మళ్ళీ ఒళ్ళోకి రావడం మొదలుపెట్టింది. పెద్దమ్మకు మాత్రం ఆమె ఏమీ చెప్పలేకపోయింది.

ఒక సాయంత్రం ఆమె మెట్టు దగ్గర వంగి పిచ్చుకకు బూట్లు తొడుగుతోంది. సూపర్ మార్కెట్లో క్యాషియరుగా పనిచేసే అమ్మాయి రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఆ అమ్మాయి కూతురు ఈమధ్యే ఇక్కడ చేరింది.

పెద్దమ్మ ఆశ్చర్యంగా చూసింది. "ఇందాకే తీసుకెళ్ళావుగా అమ్మా!"

క్యాషియరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహం పిచ్చుక వాళ్ళమ్మకు బాగా తెలుసు. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ పెద్దమ్మ అక్కడే ఉంది. మిగతా పిల్లల తల్లులున్నారు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, తల వంచుకుని, బూటు లేసు ముడి మళ్ళీ వేసింది. ఆ అమ్మాయి ఏడుస్తూ వీధిలోకి పరుగు తీసింది.

ఇంటికి వెళ్ళే దారిలో చాలాసేపు పిచ్చుక మాట్లాడలేదు. ఎప్పుడూ లేంది. మలుపు దగ్గర తల్లి చెయ్యి లాగింది.

"అమ్మా, వాళ్ళింటికి వెళ్ళమని నేనే చెప్పాను."

"ఎవరికి?"

"ఇంకెవరింట్లో అమ్మ ఆలస్యంగా వస్తుందీ అని నువ్వు నన్నడిగావుగా. పొద్దున. నాకు జడ వేస్తూ."

అలాంటి మాటేదీ అడిగిన గుర్తు లేదు ఆమెకు. కానీ ఆ పొద్దున పిల్లకు జడ వేసింది ఆమే. అద్దం ముందు కూర్చోబెట్టి, తన చేతులతోనే వేసింది.