ఏటి మంచులో మూడో పిలుపు

"సరుకు ఎట్లుంది?"

"పింజ పొడుగు, రంగు తక్కువ."

కోడ్‌వర్డ్ సరిపోయింది. ఆదోని జిన్నింగు మిల్లులో దూది బస్తాల వెనక కూర్చున్న చీఫ్ మధుసూదనరావు తలపాగా తీసి పక్కన పెట్టాడు. పత్తి సేటు వేషం ఆయనకు బొత్తిగా నప్పలేదు. ఆ మాట చెప్పే ధైర్యం ఏజెంట్ వెంకోబారావుకు లేదు.

"తెల్లారి మద్రాసు మెయిల్ తుంగభద్ర వంతెన మీదికి రాగానే పేలుస్తారు. విదేశీ ముఠా. ఏటి మధ్య దిబ్బ మీద రిమోట్ పట్టుకుని ఉండేది దేవకి."

"మన దేవకా?"

"మనకూ వాళ్లకూ ఇద్దరికీ పనిచేసే దేవకి. డ్రామా ఆర్టిస్టు గదా, ఒళ్లంతా వేషమే."

"మెయిల్ ఆపేస్తే?"

"ఎల్లుండి ఇంకో రైలు. మనిషి దొరకాలి. పో."

డెబ్బై ఎనిమిది, పుష్యమాసం. కౌతాళం అవతల ఏటిగట్టున చెయ్యి చాపితే వేళ్లు కనపడనంత మంచు. ఆ మంచులో ఏటి మీద పుట్టి పడవ వేయడానికి ఒప్పుకున్నది పార్వతమ్మ ఒక్కతే. రెండు నెలల కింద ఆమె మొగుడు బసవన్న పట్టుచీర కట్టిన ఒకామెను ఎక్కించుకుని పోయినాడు. పుట్టి ఖాళీగా కొట్టుకొచ్చింది. శవం దొరకలేదు. దొరకలేదు కాబట్టే ఆమె బొట్టు తీయలేదు.

పుట్టికి ముందూ వెనకా ఉండదు. గట్టు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పోతా ఉంది.

"ఎవరు పిలిచినా పలకొద్దు సారూ," అందామె. "ఏట్లో పోయినోళ్లు మంచులో పిలుస్తారు. రెండుసార్లే. మూడోది మనిషి పిలుపు. అది ఇన్నాకనే పలకాల."

వెంకోబారావు నవ్వలేదు. చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా అదే చెప్పేది.

"పార్వతీ..."

తెడ్డు ఆగింది. మంచులో ఎవరో దగ్గారు.

"పార్వతీ... ఈడికి రావద్దు..."

బసవన్న గొంతేనని ఆగిన తెడ్డే చెప్పింది. వెంకోబారావుకు భయం వేసింది, దాచడమెందుకు.

"పార్వతీ..."

ఆమె మొహం విచ్చుకుంది. "మూడోసారి పిలిచినాడు సారూ. బతికే ఉండాడు." పుట్టిని గొంతు వైపు తిప్పింది.

నాలుగో పిలుపు వచ్చేసరికి వెంకోబారావుకు అర్థమైంది. పిలుపు ముందర ఒక దగ్గు ఉంది, అచ్చం రెండో పిలుపు ముందర దగ్గినట్టే. ఏ మనిషీ రెండుసార్లు ఒకే మాదిరి దగ్గడు. టేపు! పుట్టివాళ్లను బెదరగొట్టడానికి బసవన్న చేత ముందే పలికించి దేవకి పెట్టింది. బెదిరించాలనుకుంది గానీ ఎన్నిసార్లు పిలిస్తే బెదురుతారో కనుక్కోలేదు, పాపం.

పార్వతమ్మకు చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే తెడ్డు ఆగుతుంది, రైలు ఆగదు. ఆ క్షణం తన ఉద్యోగం మీద తనకే అసహ్యం వేసింది.

దిబ్బ మీద దేవకి. అంత మంచులోనూ నల్లకళ్లద్దాలు, పట్టుచీర, చేతిలో రిమోట్. పైన వంతెన అదురుతోంది. మెయిల్ వచ్చేసింది.

"లేటయ్యావు వెంకోబా." బొటనవేలు మీట మీదికి పోయింది.

పార్వతమ్మ తెడ్డుతోనే దిగి అతన్ని దాటుకుని పోయింది. "అమ్మా, మా ఆయప్ప యాడుండాడు?"

దేవకి చూపు తనకు తెలియకుండానే పక్కనున్న టేపురికార్డరు మీదికి పోయింది. పార్వతమ్మ కూడా అటు చూసింది; పిలుపు ఆ పెట్టెలోంచే వస్తోంది. మరుక్షణం తెడ్డు దేవకి మణికట్టు మీద పడింది, రిమోట్ ఏట్లో పడింది. తలల మీదుగా మెయిల్ దడదడమంటూ దాటిపోయింది. లోపల జనం నిద్రపోతున్నారు.

వెంకోబారావు దేవకికి బేడీలు వేసేలోపల పార్వతమ్మ ఆ పెట్టె ముందర కూలబడింది.

"పార్వతీ..."

"పార్వతీ... ఈడికి రావద్దు..."

"సాలు. ఆపు సారూ." చీర చెంగుతో బొట్టు తుడుచుకుంది. "ఆయప్పకింక రెండు పిలుపులేగదా." తర్వాత ఏడ్చింది, గట్టిగానే. ఏడుస్తూనే పెట్టె ఎత్తుకుని పుట్టిలో పెట్టుకుంది. అది సాక్ష్యం. వెంకోబారావు వంతెన వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి చీఫ్‌కు వెంకోబారావు ట్రంక్‌కాల్.

"టేపురికార్డరు?" అడిగాడు చీఫ్.

"ఏట్లో పడింది సార్."

"ఎక్కడ పడింది? ఎంత లోతు?"

"మోకాలి లోతు... కాదు, నిలువు లోతు సార్."

"ఇన్నేళ్ల సర్వీసు, ఒక్క అబద్ధం సరిగ్గా చెప్పడం రాదు. నీకు గూఢచారి ఉద్యోగం ఎవడిచ్చాడయ్యా?"

"తమరే సార్."