కలం ఆగేలోపు

"ష్రైవ్ హర్. తాండూరు. ఫోర్ పీఎం."

ముఠా వైర్‌లెస్‌లో ఆ మెసేజ్ చిక్కేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. 'హర్' అంటే రుచిత. విదేశీ ముఠాలో వాళ్ల మనిషిలా తిరుగుతూ మనకు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. అనంతగిరి అడవిలో ప్రభుత్వం కట్టబోయే సిగ్నల్ స్టేషన్ ప్లాన్ ఉన్న మెమరీ కార్డును ముఠాకు అందకుండా దాచింది ఆమే. మొదటి మాటే ఎవరికీ కొరుకుడు పడలేదు. హైదరాబాద్ కంప్యూటర్లు చేతులెత్తేశాయి. వికారాబాద్‌లోనే ఉన్న ఏజెంట్ పరమేశ్ మాత్రం అక్కడే తనకు ఇంగ్లిష్ చెప్పిన అరుణాదేవి మేడమ్ తలుపు కొట్టాడు.

"మస్తు పాత క్రియ," అంది మేడమ్ కళ్లజోడు సర్దుకుని. "లాటిన్‌ల 'రాయడం' అనే మాట నుంచి పుట్టింది. తప్పు ఒప్పుకున్నోనికి ప్రాయశ్చిత్తం ఏందో ఫాదర్ చెప్పేటోడు. పాపం వినుడు, మాఫీ చేసుడు, అన్నీ గా మాటలనే కలిసిపోయినయి."

"అయితే ఫికర్ లేదు కద మేడమ్?"

"ఉన్నది. ఉరి తీసే ముందు గూడ ఖైదీకి గట్లనే జరసేపు టైమిచ్చేటోళ్లు. ఒప్పుకునుడు అయిపోంగనే ఉరి."

పరమేశ్ జీపు తాళాలు తీశాడు. ముఠా నాయకుడు ప్రొఫెసర్‌కి పాత ఇంగ్లిష్ అంటే పిచ్చి. ఏ మాట వాడితే ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తాడు.

జీపు తాండూరు దారి పట్టింది, వెనక కమాండోల బండి. రుచిత చెవి కమ్మలో మైకు, స్పీకరు రెండూ ఉన్నాయి. మూడున్నరకు లైను కలిసింది.

"రుచితా, మాట్లాడకు, విను. ఆడు నీతోటి అన్నీ ఒప్పిస్తడు. నువ్వు ఆపినవంటే కాలుస్తడు. కార్డు సంగతి తప్ప ఏదన్న చెప్తనే ఉండు. వస్తున్న."

రెండు దగ్గులు వినిపించాయి. అర్థమైందన్న గుర్తు.

కమ్మ సిగ్నల్ చూపించిన చోట నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్, దాని చుట్టూ బోడి నేల. దూరంలో పోలీసు బండి కనిపించినా లోపల తుపాకీ పేలుతుంది. ఆ పక్కనే మేసే యాలాల్ మేనమామ బీరయ్య మంద గుర్తొచ్చింది. పది నిమిషాల్లో కోటు పోయి గొంగడి వచ్చింది. తాతల నాటి వేషం కాబట్టి మేకప్ అక్కర్లేకపోయింది.

"గొర్రెలు పైలం అల్లుడా!" అన్నాడు బీరయ్య.

మంద యూనిట్ వైపు కదిలింది. పరమేశ్ చెవిలో రుచిత గొంతు ఆగకుండా వినిపిస్తోంది. కాపీ కొట్టిన పరీక్షలు, మార్చిన పేర్లు, మోసం చేసిన మనుషులు. వెనకాల ప్రొఫెసర్ కలం బరబరా గీస్తోంది. ఆ చప్పుడున్నంతసేపూ ఆమె బతికున్నట్టే.

ఉన్నట్టుండి ఆమె గొంతు మారింది.

"పోయినేడు బొంరాస్‌పేటల పరమేశ్ పేరు మీకిచ్చింది నేనే. గది మీకు తెలుసు. ఆయనకే తెల్వదు. ఆయన భుజంల గుండు దిగినప్పటి సంది నాకు నిద్ర లేదు."

"దట్ ఐ నో," అన్నాడు ప్రొఫెసర్.

కలం ఆగింది. సేఫ్టీ లాక్ తీసిన చప్పుడు.

పరమేశ్‌కి కోపం రాకపోలేదు. ఆ కోపమంతా కేకలో పెట్టి మందను గేట్లోకి అదిలించాడు. అరవై గొర్రెలు కాపలావాళ్ల కాళ్లలో పడ్డాయి. తలుపు తన్నాడు. చేతికర్ర ప్రొఫెసర్ మణికట్టు మీద పడింది. పేలిన గుండు రుచిత పక్కనున్న బండను పగలగొట్టింది. మంద రేపిన దుమ్ము చాటున కమాండోలు లోపలికొచ్చారు. ప్రొఫెసర్ చేతులు కట్టేశారు, కార్డు దాచిన చోటే భద్రంగా ఉండిపోయింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు.

"రికార్డింగ్ లేదు. ప్రొఫెసర్ రాసిన కాగితాలు గొర్రెలు తొక్కేశాయి. విన్నవాడివి నువ్వే. ఆమె ఏమేం ఒప్పుకుందో రిపోర్ట్ రాయి."

ఎదురుగా రుచిత తల దించుకుని కూర్చుంది. పరమేశ్ కలం తీశాడు. పాత గాయం సలిపింది. ఆమె వైపు చూసి, కలానికి మూత పెట్టాడు.

"ఆమె చెప్పినయన్నీ అబద్ధాలే సార్. రెండు గొర్రెలు తప్పిపోయినయి, గదొక్కటి రాస్త."